కరతోయకు ఆవల

గోదావరి త్ర్యంబకం వద్ద ఏ పేరుతో పుట్టినదో ధవళేశ్వరం వరకు ఆ పేరుతోనే ప్రవహిస్తుంది. సముద్రం సమీపించి పాయలుగా చీలిన తరువాత గాని కొత్త పేర్లు ధరించదు. తూర్పు హిమాలయాల నుండి దిగివచ్చే నదుల నడత ఇట్టిది కాదు. టిబెట్టులోని చుంబీ లోయలో మాచూ అనిపించుకొన్న ఏరు భూటానులో ఆమో-ఛూ అవుతుంది; కొండ దిగి బెంగాలు మైదానంలో అడుగు పెట్టగానే తోర్సా అవుతుంది. థింపూ పట్టణం ప్రక్కగా పారే వాంగ్-ఛూ అడవులు దాటి వచ్చి రాయ్‌డాక్ అనిపించుకొని, బంగ్లాదేశ్‌లో దూధ్‌కుమార్ పేరుతో బ్రహ్మపుత్రలో కలుస్తుంది. జల్‌ఢాకా రంగపురం వైపు సాగి ధర్లా అవుతుంది. పునాఖా కోట ముంగిట సంగమించే రెండు ఏరులు మైదానం చేరేసరికి సంకోశ్ అనే ఒక్క నదియై, అస్సాము, పశ్చిమ బెంగాలు రాష్ట్రాలను కొంత దూరం వేరుచేస్తున్నవి. నీరు మారలేదు, ఒడ్డున నిలిచి పిలిచేవారు మారినారు.

ఈ నదులన్నీ తడిపే నేల ఒకటి ఉన్నది. దానికి పడమట మేచీ, మహానందలు. తూర్పున మానస్ నది. ఉత్తరాన హిమాలయపు తొలిమెట్టు. దక్షిణాన బ్రహ్మపుత్ర పడమటి నుండి దక్షిణానికి తిరిగే పెద్ద మలుపు. నేపాలులోని ఝాపా, మొరంగు జిల్లాల మైదానాన్ని ఈ సీమకు పడమటి గుమ్మమని చెప్పవచ్చును. భారతదేశంలో సిలిగురి, జల్పాయిగురి, అలీపుర్‌దువార్, కూచ్‌బిహార్, ధుబ్రీ, గోల్పారా. బంగ్లాదేశ్‌లో పంచగఢ్, నీల్ఫామారి, లాల్‌మనీర్‌హాట్, రంగపురం, కురిగ్రామ్. భూటానులో సంత్సే మొదలు సర్పాంగ్ వరకు గల దక్షిణపు అంచు. ఇవన్నీ చేరి ఒక సీమ. నాలుగు రాజ్యాల పటాలలో నాలుగు మూలలుగా పడి ఉన్నందున దీనిని ఒక్కటిగా చూచే అలవాటు పోయినది. ఢిల్లీకి ఇది ఈశాన్యపు ఇరుకుదారి. ఢాకాకు ఉత్తరపు కొస. కాఠ్‌మాండూకు తూర్పు తరాయి. థింపూకు దక్షిణపు దిగువ నేల. మూలగా భావింపబడిన చోటు ఒకప్పుడు నడుమ ఉండినదని గుర్తు చేయడానికి చరిత్రను ఆశ్రయించవలసి ఉన్నది.

పూర్వం దీనికి పేరు ఉండేది. కరతోయా నది నుండి తూర్పున దిక్కరవాసిని వరకు వ్యాపించిన దేశం కామరూపమని తంత్ర గ్రంథాలు ఎల్లలు చెప్పినవి. ఏడవ శతాబ్దిలో భాస్కరవర్మ ఆహ్వానంపై చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆ దేశానికి పోయినప్పుడు పుండ్రవర్ధనం విడిచి ఒక మహానదిని దాటవలసి వచ్చినది. ఆ మహానది కరతోయ అనియే పండితుల అభిప్రాయం. ఈనాడు బంగ్లాదేశ్‌లోని బొగురా పట్టణం వద్ద కరతోయను చూచినవాడు ఈ మాట నమ్మడం కష్టం. అక్కడ ఉన్నది సన్నని, మురికి పట్టిన కాలువ. ఒక దేశానికి ఎల్లగా నిలువదగిన నది అది కాదు.

ఆ నది ఏమైనదో తెలియవలెనంటే 1787వ సంవత్సరానికి రావలెను. అంతకు పూర్వం సిక్కిం మంచుల నుండి దిగే తీస్తా నది మైదానంలో కరతోయ, ఆత్రేయి, పునర్భవ అనే మూడు మార్గాలలో దక్షిణానికి పారి గంగలో పడేది. త్రిస్రోత అనే మాటయే తీస్తాగా మారినదని అక్కడివారు చెప్పుకొంటారు. 1787లో కుండపోతగా కురిసిన వానలకు తీస్తా పొంగి, పాత దారులను విడిచి, ఆగ్నేయంగా క్రొత్త దారి త్రవ్వుకొని బ్రహ్మపుత్రలో కలిసినది. రంగపురం జిల్లా మునిగినది. వెంటనే కరవు వచ్చినది. అంతటితో ఆగలేదు. తరువాతి నాలుగైదు దశాబ్దాలలో బ్రహ్మపుత్ర కూడ మైమన్‌సింగ్ ప్రక్కగా పోయే తన పాత గర్భాన్ని విడిచి, పడమటికి జరిగి, నేడు జమున అని పిలువబడే విశాల మార్గాన్ని పట్టినది. రెన్నెల్ దొర 1780 ప్రాంతాలలో ప్రకటించిన బెంగాలు పటాలను నేటి పటాల ప్రక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే దేశానివి కావేమో అనిపిస్తుంది. నది జరిగినప్పుడల్లా ఊళ్లు జరిగినవి, రేవులు ఎండినవి, ఇసుక దిబ్బలపై క్రొత్త పల్లెలు వెలసినవి. ఈ సీమలో నదిని ఎల్లగా పెట్టుకొన్న రాజు తన ఎల్లను తరచు వెదుక్కోవలసి వచ్చేది. ఈ సంగతి తెలిసి ఉంటే తరువాతి కాలంలో గీతలు గీసినవారు కొంత తడుముకొని ఉండేవారేమో.

కామరూపం చితికిన పిమ్మట దాని పడమటి భాగం కామతా రాజ్యమయినది. పదిహేనవ శతాబ్ది చివర గౌడ సుల్తాను హుసేన్ షా కామతాపురాన్ని కూల్చినాడు. ఆ శిథిలాల మీదనే పదునారవ శతాబ్ది తొలిపాదంలో విశ్వసింహుడు కోచ వంశాన్ని నిలిపినాడు. అతని కుమారుడు నరనారాయణుని కాలంలో (1540-1587) ఈ రాజ్యం అత్యున్నత దశకు వచ్చినది. అతని తమ్ముడు శుక్లధ్వజుడు, సేనాపతి. గద్దవలె శత్రువుపై వాలేవాడు కనుక ప్రజలు అతనిని చిలారాయ్ అన్నారు. గువాహటిలో కామాఖ్యాలయాన్ని 1565లో పునర్నిర్మించినది ఈ సోదరులే. అహోం రాజ్యంలో నిలువలేక పడమటికి వచ్చిన వైష్ణవ గురువు శంకరదేవునికి ఆశ్రయమిచ్చినదీ నరనారాయణుడే. శంకరదేవుడు 1568లో కూచ్‌బిహార్ నేలపైననే దేహం చాలించినాడు. నేటి అస్సామీయులకు అతడు జాతి గురువు. అతని అంత్యస్థలి నేటి పశ్చిమ బెంగాలులో ఉన్నది. అతడు నాటకాలు, గీతాలు వ్రాసిన వ్రజావళి, మిథిలలోని విద్యాపతి పదాల ఒరవడి నుండి పుట్టిన భాష. దానిని తమదని గట్టిగా చెప్పగలవారు ఏ రాష్ట్రంలోను లేరు.

నరనారాయణుడు 1555లో అహోం రాజుకు వ్రాసిన లేఖ ఒకటి దొరికినది. గద్యంలో ఇంత ప్రాచీనమయిన ఉదాహరణం మరొకటి అరుదు. బెంగాలీ సాహిత్య చరిత్రకారులు దీనిని తమ తొలి గద్యంగా ఎత్తి చూపుతారు. అస్సామీయ చరిత్రకారులూ దీనితోనే తమ గద్య చరిత్ర ప్రారంభిస్తారు. రెండు పుస్తకాలను ప్రక్కప్రక్కన చదివినవానికి నవ్వు రావచ్చును. కాని లేఖ వ్రాయించిన రాజుకు ఈ వివాదం అర్థమయ్యేది కాదు. అతడు తన కొలువులో మాట్లాడే భాషలో పొరుగు రాజుకు కుశలం అడిగినాడు. ఆ భాష ఒక ప్రక్క బెంగాలీగా, మరొక ప్రక్క అస్సామీగా విడిపోవడానికి ఇంకా కాలం ఉన్నది.

ఈ సీమ మైదానంతో ముగియలేదనుటకు ఒక పట్టువస్త్రం సాక్ష్యంగా మిగిలినది. కృష్ణలీలలను చిత్రిస్తూ అస్సాములో పట్టుతో నేసిన గుడ్డలకు బృందావనీ వస్త్రాలని పేరు. శంకరదేవుని పర్యవేక్షణలో మొదలైన ఆ నేతపని తరువాత కూడ సాగినది. పదిహేడవ శతాబ్ది చివర నేయబడిన అటువంటి వస్త్రం ఒకటి, తొమ్మిది మీటర్లకు పైగా పొడవు గలది, నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. అది అస్సాములో దొరకలేదు. టిబెట్టులో గోబ్షీ అనే చోట ఒక బౌద్ధ విహారంలో వేలాడుతూ ఉండగా, 1904 నాటి ఆంగ్ల దండయాత్ర వెంట పోయిన పత్రికా విలేఖరి పర్సివల్ లాండన్ తీసుకొనిపోయినాడు. కాళీయమర్దనం బుద్ధుని గుడిలోనికి ఎట్లు చేరినదని అడుగవచ్చును. వర్తకుల గుర్రాల వీపున, కనుమల దారిన చేరినది.

ఆ దారుల మీద నడిచిన నాణెం కూడ ఒకటే. కూచ్‌బిహార్ రాజుల నారాయణీ వెండి నాణెం భూటానులో చిరకాలం చెల్లుబాటయినది; భూటాను తన నాణాలు ముద్రించుకొన్నప్పుడు వాటినే మాదిరిగా పెట్టుకొన్నది. ప్రతి ఏడు భూటాను వర్తకుల బిడారు రంగపురానికి దిగేది. టంగను గుర్రాలు, కంబళ్లు, అక్రోటుకాయలు, కస్తూరి దింపి, నూలుబట్టలు, నీలిమందు తీసుకొని ఎండలు ముదరక ముందే కొండ ఎక్కేది. పొరుగుతనం ఎప్పుడూ ప్రేమతోనే సాగినదని చెప్పడం అసత్యం. పదునెనిమిదవ శతాబ్దిలో భూటాను వారు కూచ్‌బిహార్ కొలువులో రాజులను ఎక్కించి దింపేవరకు వచ్చినారు. 1772లో రాజునే పట్టుకొనిపోయినారు. అప్పుడు కూచ్‌బిహార్ కలకత్తాలోని కంపెనీని ఆశ్రయించినది. 1773 ఏప్రిలులో సంధి చేసుకొని, సహాయానికి వెలగా తన స్వాతంత్ర్యాన్ని చెల్లించినది. మరుసటి ఏడు భూటానుతో సంధి కుదిరినది. ఆ సందర్భంలోనే వారెన్ హేస్టింగ్స్ జార్జి బోగెల్‌ను భూటాను మీదుగా టిబెట్టుకు పంపినాడు. దారి పొడవునా మజిలీ మజిలీకి ఉర్లగడ్డలు నాటి పొమ్మని ఆజ్ఞాపించినాడు. రాయబారం వలన కంపెనీకి ఒరిగినది స్వల్పమే. ఉర్లగడ్డ మాత్రం భూటాను రైతుకు నేటికిని రొక్కం తెచ్చే పంట.

కొండ నుండి మైదానంలోనికి దిగే కనుమలను అక్కడివారు ద్వారాలు అన్నారు. అదే దువార్ అయినది. పదకొండు బెంగాలు వైపు, ఏడు అస్సాము వైపు, మొత్తం పద్దెనిమిది. ద్వారం అనే మాట రాకపోకలు గల చోటుకే తగును. 1864-65 యుద్ధానంతరం సించులా సంధి ప్రకారం ఆ ద్వారాలు, వాటి క్రింది నేల ఆంగ్లేయుల వశమయినవి. బదులుగా భూటానుకు ఏటా 50,000 రూపాయల వరకు ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. అడవి నరికి తేయాకు తోటలు వేసినారు. ఆ నేలలో అడవిని కాల్చి ప్రత్తి, ధాన్యం పండించుకొంటూ చోటు మార్చుకొనే మేచీలు వెనుకకు జరిగినారు. నేపాలు సరిహద్దున పారే మేచీ నది పేరు వారి పేరే. నేపాలులో వారు మేచే జాతిగా, బ్రహ్మపుత్ర లోయలో వారి సగోత్రులు బోడోలుగా లెక్కకు వస్తున్నారు. తోటల కూలికి ఛోటానాగపూర్ నుండి ఓరాఁవులు, ముండాలు వచ్చినారు. కొండల నుండి నేపాలీలు దిగినారు. సాద్రీ అనే భాష తోటలలో అందరికీ వాడుక అయినది. కనుక ఈ సీమ ఐక్యాన్ని రక్తంలో వెదకడం వృథా శ్రమ. ఇక్కడ పాతవారి కంటె వచ్చినవారే ఎక్కువ. వచ్చినవారు కూడ ఇక్కడి వానకు, ఇక్కడి సంతకు అలవాటు పడి ఇక్కడివారయినారు.

విభజనలు ఒక్క దినాన రాలేదు. 1816లో అమలయిన సుగౌలీ సంధి వలన మేచీ నది నేపాలుకు తూర్పు ఎల్లయినది. 1874లో అస్సాము ప్రత్యేక రాష్ట్రమయినప్పుడు గోల్పారాను బెంగాలు నుండి తీసి దానికి చేర్చినారు. అప్పటికి ఇవి పరిపాలకుల కాగితాల మీది మార్పులు. బండ్లు మునుపటివలెనే తిరిగినవి. 1947 ఆగస్టు 17న ప్రకటితమయిన రాడ్‌క్లిఫ్ తీర్పు అట్టిది కాదు. జల్పాయిగురి జిల్లాలోని తెతులియా, పంచగఢ్, బోదా, దేవీగంజ్, పాట్‌గ్రామ్ ఠాణాలు తూర్పు పాకిస్థానుకు పోయినవి. సిలిగురి వద్ద భారతదేశం ఇరువది కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు గల మెడగా మిగిలినది. కలకత్తా నుండి అస్సాముకు పార్వతీపురం, లాల్‌మనీర్‌హాట్ మీదుగా పోయే రైలుదారి ఒక్కసారిగా పరదేశంలో పడినది. తీస్తా, తోర్సా, సంకోశ్‌లపై వంతెనలు కట్టి, 1950 జనవరి నాటికి క్రొత్త దారి వేయవలసి వచ్చినది. తూర్పు పడమరలు అట్లు కలిసినవి. ఉత్తర దక్షిణాలు విడిపోయినవి. హల్దీబారి, చిలాహాటి స్టేషన్ల నడుమ మిగిలిన రైలు కూడ 1965 యుద్ధంతో ఆగినది. ఆ రెండు ఊళ్ల నడుమ పట్టాలు తిరిగి పనికి వచ్చుటకు 2020 డిసెంబరు వరకు, అనగా 55 సంవత్సరాలు, పట్టినది. 2022లో ఆ దారిన సిలిగురి నుండి ఢాకాకు ప్రయాణికుల బండి నడిపినారు. 2024లో అదీ నిలిచిపోయినది.

గీత ఎంత క్రూరంగా పడగలదో తెలియుటకు ఛిట్‌మహళ్ల కథ చాలును. ఛిట్ అనగా తునుక. మొగలు సేనలకు, కూచ్‌బిహార్ రాజుకు పోరు ముగిసి 1713లో సంధి అయినప్పుడు, ఒకరి పరగణాలలో మరొకరి మనుష్యుల భూములు అక్కడక్కడ మిగిలిపోయినవి. రాజు, నవాబు చదరంగమాడి ఊళ్లు పందెం ఒడ్డినారని జనం కథ కట్టినారు; అది కథయే. రెండు శతాబ్దాలకు పైగా ఈ తునుకల వలన ఎవరికీ పెద్ద నష్టం లేదు; శిస్తు ఎవరికి కట్టవలెనన్నదే భేదం. 1949లో కూచ్‌బిహార్ సంస్థానం భారతదేశంలో లీనమైన నాటి నుండి ఆ భేదం ప్రాణం మీదికి వచ్చినది. బంగ్లాదేశ్ నేల నడుమ 111 భారతీయ గ్రామ ఖండాలు, భారతదేశం నడుమ 51 బంగ్లాదేశ్ ఖండాలు. వీటిలో దహలా ఖగ్రాబారి అనేది విచిత్రాలలో విచిత్రం. బంగ్లాదేశ్‌లో ఒక భారతీయ ఖండం, దాని లోపల ఒక బంగ్లాదేశ్ ఖండం, దాని లోపల మరల భారతీయ నేల. అది ఒక పొలం పాటిది.

ఆ ఖండాలలోని మనుష్యుల స్థితి తలచినప్పుడు విచిత్రమన్న మాట నోట రాదు. తన దేశానికి పోవలెనంటే పరదేశాన్ని దాటవలెను. దాటుటకు అనుమతి పత్రం కావలెను. ఆ పత్రం ఇచ్చే కచేరీ తన దేశంలో ఉన్నది. ఇంట దొంగ పడితే ఏ పోలీసు రాడు. బడి లేదు, వైద్యశాల లేదు, విద్యుద్దీపం లేదు, వోటు లేదు. పిల్లవానిని బడిలో చేర్చుటకు సరిహద్దు ఆవలి బంధువునో పరిచయస్థునో తండ్రిగా వ్రాయించవలసి వచ్చేది. 1958లో నెహ్రూ, నూన్‌లు ఒక ఒప్పందం చేసుకొన్నారు. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహమాన్‌లు మరొకటి చేసుకొన్నారు. రెండవదానిని భారత పార్లమెంటు ఆమోదించి రాజ్యాంగాన్ని సవరించినది 2015లో. ఆ ఏడు జులై 31 అర్ధరాత్రి తునుకలు మారినవి. ఇంచుమించు 50,000 మంది నిలిచిన చోటనే దేశం మారినారు. కోరినవారు తమ పాత పౌరసత్వంతో తరలిపోవచ్చునన్నారు. బంగ్లాదేశ్ వైపు ఖండాలలో ఉన్నవారిలో వెయ్యిమందికి లోపే భారతదేశానికి వచ్చుటకు పేరు ఇచ్చినారు. భారతదేశం వైపు ఉన్న బంగ్లాదేశ్ ఖండాల నుండి పోవుటకు ఒక్కరూ కోరలేదు. దేశం ఏది అని అడిగితే వారు భూమిని చూపినారు.

నీటి సంగతి ఇంకా తెగలేదు. తీస్తాపై భారతదేశంలో గజల్‌దోబా వద్ద ఒక ఆనకట్ట, దిగువ బంగ్లాదేశ్‌లో దాలియా వద్ద మరొకటి ఉన్నవి. 1983లో తాత్కాలికంగా భారతదేశానికి నూటికి 39, బంగ్లాదేశ్‌కు 36 వంతులని, మిగిలిన 25 తరువాత తేల్చుకొందామని అనుకొన్నారు. 2011లో సిద్ధమయిన ఒప్పందం చివరి దినాలలో ఆగిపోయినది. మాఘ ఫాల్గుణాలలో దాలియాకు దిగువన నది ఇసుక మేట; శ్రావణంలో అదే నది ఇండ్లు కోసుకొనిపోతుంది.

ఇక భాష. ఝాపా మొదలు గోల్పారా వరకు, కొండ మొదలు రంగపురం వరకు పల్లెలలో వినిపించే మాట ఒకటే. నేపాలులో దానిని రాజవంశీ అంటారు, కూచ్‌బిహార్‌లో కొందరు రాజవంశీ అని, కొందరు కామతాపురీ అని, బంగ్లాదేశ్‌లో రంగపురీ, అస్సాములో గోల్పారియా. గ్రియర్సన్ తన భాషా సర్వేలో దీనిని బెంగాలీ మాండలికాలలో చేర్చినాడు. సునీతికుమార్ చటర్జీ బెంగాలీ మాండలికాలను నాలుగు తెగలుగా విభజించి ఒకదానికి కామరూపమని పేరు పెట్టినాడు. గోల్పారాలో అదే పలుకు అస్సామీ మాండలికమని పాఠం చెప్పుతారు. పశ్చిమ బెంగాలు ప్రభుత్వం 2018లో దీనికి అధికార హోదా ఇచ్చినది. కాని పేరు విషయంలో రెండు పక్షాలను నొప్పింపలేక, రాజవంశీ, కామతాపురీ అని రెండు భాషలుగా గుర్తించినది! ఒక పలుకును ఇన్ని ముక్కలుగా లెక్కించినప్పుడు ఏ జనాభా లెక్కలోను దాని నిజమయిన సంఖ్య తేలదు. పాఠ్యపుస్తకం వ్రాయబోతే ఏ లిపి, ఏ వర్ణక్రమం అన్న తగవు ముందు వస్తుంది. ఇంతలో పిల్లలు బడి భాషకు అలవాటుపడి ఇంటి మాటకు సిగ్గుపడుతున్నారు. ఈ నష్టం నదీ జలాల వలె వంతులు వేసి కొలిచేది కాదు గనుక దీనిపై సంధులూ జరుగలేదు.

ఆ మాట చెక్కుచెదరక నిలిచినది భావాయియా పాటలో. గాడియాల్ అనగా ఎడ్లబండి తోలేవాడు, మైషాల్ అనగా గేదెల మందను నది ఇసుక లంకలలో మేపేవాడు. ఇద్దరూ నెలల తరబడి ఇల్లు విడిచిపోయేవారే. వెనుక మిగిలిన స్త్రీ పాడే విరహగీతాలే ఈ పాటలలో అధికం. దోతారా వాద్యం తోడు. దీర్ఘస్వరం మధ్యలో గొంతు ఒక్కసారి విరిగి మరల అతుకుతుంది. బండి గతుకులలో పడినప్పుడు పాడేవాని గొంతు అట్లు అదిరేదని గాయకులు చెప్పుతారు. ఈ పాటను గ్రామఫోను పలకల మీదికి ఎక్కించి యావద్బంగాళానికి వినిపించినవాడు అబ్బాసుద్దీన్ అహ్మద్. అతడు 1901లో కూచ్‌బిహార్ సంస్థానంలోని బలరామపురంలో పుట్టి, దేశవిభజనతో ఢాకా చేరి, 1959లో అక్కడనే మరణించినాడు. అటు అస్సాములో గౌరీపురం జమీందారీ ఇంట పుట్టిన ప్రతిమా బరువా పాండే గోల్పారియా గీతమనే పేరుతో అదే సంప్రదాయాన్ని సభలకు తెచ్చినది. ఒకరి పాటను బెంగాలీ జానపదమని, మరొకరి పాటను అస్సామీ జానపదమని గ్రంథాలయాలలో వేరు వేరు అరలలో ఉంచుతారు.

ఈ పాటలలో అన్నిటికంటె ప్రసిద్ధమయినదానిలో బండివాడు చిల్మారి రేవుకు పోతాడు. చిల్మారి బ్రహ్మపుత్ర ఒడ్డున, తీస్తా వచ్చి కలిసే చోటికి దగ్గరలో ఉన్నది. జనపనార ఓడలకెక్కే కాలంలో ఆ రేవుకు చుట్టుప్రక్కల జిల్లాలన్నిటి నుండి బండ్లు నడిచేవి. నది కోతకు పాత రేవు చాలభాగం పోయినది. మిగిలిన ఊరు బంగ్లాదేశ్‌లోని కురిగ్రామ్ జిల్లాలో ఉన్నది. కూచ్‌బిహార్ నుండి గాని ధుబ్రీ నుండి గాని అక్కడికి బండి పోవుటకు నేడు దారి లేదు. పెండ్లిండ్లలోను, కోతల తరువాత జరిగే జాతరలలోను ఆ పాటను సరిహద్దుకు రెండు ప్రక్కలా పాడుతున్నారు. చిల్మారిని ఎన్నడూ చూడని పిల్లలు కూడ రేవు పేరు వచ్చేచోట గొంతు కలుపుతారు.